అన్న ఇనుము, తమ్ముడి కొయ్య

"మళ్ళీ అదే ప్రశ్న! ఏ కంపెనీది మంచిదీ, ఏ కంపెనీది మంచిదీ అని. ముందు నాకొకటి చెప్పు. మీ అల్లుడు కాల్చేది మట్టి బిళ్ళలా, పిట్టలా?"

"రెండూనేమో, మేస్త్రీ," అన్నాను నేను.

"రెండూ అయితే రెండు తుపాకులు కొనమను. లేదా రెండింట్లో ఒకటి మానెయ్యమను. మట్టి బిళ్ళ ఎక్కణ్ణుంచి లేస్తుందో ముందే తెలుసు. నువ్వు కేకేస్తేనే యంత్రం దాన్ని గాల్లోకి విసురుతుంది. రోజంతా కాలుస్తూనే ఉంటావు గనక తుపాకీ బరువుండాలి. పేలినప్పుడు భుజానికి తగిలే దెబ్బని ఆ బరువే తాగేస్తుంది. గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉంటే చూపు తిన్నగా పోతుంది. ఆ పనికి బెల్జియంవాళ్ళదీ బావుంటుంది, జపాన్‌వాళ్ళదీ బావుంటుంది. జపాన్‌వాళ్ళది మూస్తే బీరువా తలుపు మూసినట్టుంటుంది. పిట్ట అట్లా కాదు. నువ్వెప్పుడు పిలుస్తావా అని కూర్చోదు. పొద్దుటినుంచీ కొండంతా మోసి మోసి ఆఖరికి రెండు తూటాలు పేలుస్తావు. దానికి తేలికది కావాలి, పక్కపక్కన గొట్టాలది. ఇంగ్లీషువాళ్ళు ఆ పని ముచ్చటగా చేశారు. స్పెయిన్‌వాళ్ళు తక్కువ ధరకి నిజాయితీగా చేశారు. టర్కీవాళ్ళని చూసి ఒకప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వటం లేదు."

"మరి మన లోయలోవి?"

జాచింతో మేస్త్రీ చెయ్యి ఆగింది. అప్పటిదాకా ఒక అక్రోటు చెక్క ముక్క మీద అరచేత్తో అవిసె నూనె రుద్దుతూ మాట్లాడుతున్నాడు.

"మన లోయ సంగతి మా అన్ననడగాలి. ఆయన ఒకటి చెప్తే నేనొకటి చెప్పేవాణ్ణి. ఇప్పుడు నేనొక్కణ్ణే చెప్తే సగమే అవుతుంది," అన్నాడు.

నేను ఆ వీధికి రొట్టెలు వేసే మనిషిని. మేస్త్రీ వర్క్‌షాపు నా దారిలో చివరిది కాబట్టి అక్కడ కాసేపు కూర్చునే అలవాటయింది. తుపాకుల గురించి నాకు తెలిసిందంతా ఆయన బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని విన్నదే. ఇటలీలో, ఈ వాల్ త్రోంపియా లోయలో పుట్టినవాడికి అంతమాత్రం తెలియడం గొప్పేమీ కాదు. ఇక్కడ ఏ ఇంట చూసినా ఎవరో ఒకరు గొట్టాలు తొలిచేవాళ్ళో, ఇనుము మీద పువ్వులు చెక్కేవాళ్ళో ఉంటారు. ఆదివారం భోజనాల దగ్గర మిగతా ఊళ్ళవాళ్ళు ఫుట్‌బాల్ గురించి తగువు పడితే, మావాళ్ళు తుపాకీ కంపెనీల గురించి తగువు పడతారు.

ఆ తగువుల్లో పేరు మోసినది ఈ అన్నదమ్ములది. అన్న ఫౌస్తీనో మెల్లా ఏటి ఒడ్డున ఉన్న పెద్ద ఫ్యాక్టరీలో గొట్టాల విభాగంలో చేరి అక్కడే రిటైరయ్యాడు. తమ్ముడు జాచింతో కొండవాలులో వల్సేరా వాళ్ళ చిన్న వర్క్‌షాపులో తుపాకీ భుజానికి ఆనించే కొయ్య భాగం చేసే పని నేర్చి, వాళ్ళు మూసేశాక అదే గది అద్దెకు తీసుకుని ఇప్పటికీ అదే బల్ల దగ్గర కూర్చున్నాడు. వాళ్ళమ్మ పొయ్యి మీద మొక్కజొన్న పిండితో పొలెంతా కలియబెడుతుండగా ఇద్దరూ మొదలుపెట్టేవారట.

"మా ఫ్యాక్టరీలో లక్షో తుపాకీ కూడా మొదటిదాన్లాగే ఉంటుంది," అనేవాడు ఫౌస్తీనో.

"మా దగ్గర రెండోదే మొదటిదాన్లా ఉండదు. రెండోవాడి మెడ మొదటివాడి మెడలా ఉంటేగా," అనేవాడు జాచింతో.

"మీ ఇద్దరి కంపెనీలూ కలిసి ఇంటికి ఒక్క కుందేల్ని తెచ్చింది లేదు. గిన్నెలు ఇటివ్వండి," అనేదట వాళ్ళమ్మ.

ఫౌస్తీనో పెళ్ళికి మాత్రం ఇద్దరూ రాజీ పడ్డారు. అన్న తన ఫ్యాక్టరీ నుంచి గొట్టాలూ, లోపలి మరలూ ఉన్న ఇనుప భాగం తెచ్చుకున్నాడు. పక్కపక్కన గొట్టాలది, తేలికది, కొండమీది పిట్టలకి చేసింది. దానికి తమ్ముడు కొయ్య చేశాడు. వంటింట్లో అన్నని నిలబెట్టి, కళ్ళు మూసుకుని తుపాకీ భుజానికెత్తమని, అలాగే కళ్ళు తెరవమని, కన్ను గొట్టం మీదికి తిన్నగా వచ్చేదాకా ఆ కొయ్యని కొద్దికొద్దిగా చెక్కుతూ పోయాడు. ఫౌస్తీనో కుడిచేతి మనిషి, పొడగరి. అందుకని కొయ్య వెనక భాగం ఆయన చెంపకి చోటిస్తూ కుడివైపుకి రవ్వంత వంగి ఉంటుంది. మా ఊళ్ళో ఆ తుపాకీని చూడనివాళ్ళు లేరు. ఏ కంపెనీది అని ఎవరైనా అడిగితే ఫౌస్తీనో, "ఇనుము కంపెనీది, కొయ్య మా ఇంటిది," అనేవాడు. తమ్ముణ్ణి బయట పొగిడిన మాట అదొక్కటే.

ఫౌస్తీనో మొన్న మార్చిలో పోయాడు.

మే నెలలో ఒక ఉదయం నేను స్టూలు మీద ఉండగానే ఆయన కూతురు ఒర్నెల్లా వచ్చింది. స్కూలు బస్సు నడుపుతుంది. ట్రిప్పు ముగించి అలాగే వచ్చినట్టుంది, మెడలో ఇంకా ఈల వేలాడుతోంది. వెనకే తండ్రి పెంచిన వేటకుక్క బ్రీనా కుంటుతూ వచ్చి నా కాళ్ళ దగ్గర పడుకుంది. ఒర్నెల్లా గుడ్డసంచీలోంచి ఆ తుపాకీ తీసి, మధ్యలో మడిచి తెరిచి, గొట్టాల్లోంచి వెలుతురు చూసి, ఖాళీగా ఉందని మేస్త్రీకి చూపించి బల్లమీద పెట్టింది.

"కాగితాలు నా పేరుకి మారాయి బాబాయ్. ఇంక దీన్ని నా ఎడమ భుజానికి తిప్పు."

"టోపీ అనుకున్నావా తిప్పడానికి?"

"నువ్వు వంచుతావని నాకు తెలుసు. నూనె కాచి పోస్తావుగా."

"వేరేవాళ్ళవి వంచాను. కుడికి కొంచెం ఉన్నదాన్ని ఇంకొంచెం కుడికి. కుడినుంచి ఎడమకంటే నిటారు దాటి అవతలికి పోవాలి. ఈ సన్నటి మెడ దగ్గర టప్పున పగుల్తుంది. కొత్త కొయ్య ఎవరిచేతైనా చేయించి పెడతా. ఇది గోడకి తగిలించుకో."

"కొత్త కొయ్య వేస్తే అది ఉట్టి ఫ్యాక్టరీ తుపాకీ. అంతమాత్రానికి దుకాణంలో కొనుక్కోలేనా?"

మేస్త్రీ కొయ్య ఎడమ పక్కన బొటనవేలు పెట్టాడు. అక్కడ ఫౌస్తీనో చెంప ఆనీ ఆనీ చెక్క అద్దంలా నునుపుదేరింది.

"ఇది చూశావా?"

"చూశా. నాన్న చెంప అటుపక్క. నాది పడేది ఇటుపక్క. ఒకళ్ళ జోలికి ఒకళ్ళం వెళ్ళం," అంది ఒర్నెల్లా. తర్వాత గొంతు తగ్గించి, "బ్రీనాకి ఇంక ఒక్క సీజనే బాబాయ్. డాక్టరు చెప్పాడు. నాన్న పోయిన దగ్గర్నుంచీ అది రోజూ తుపాకీ బీరువా ముందే పడుకుంటోంది. సెప్టెంబర్లో వేట మొదలవగానే దాన్ని కొండకి తీసుకెళ్తా. ఈ తుపాకీతోనే తీసుకెళ్తా," అంది.

"విరిగితే?"

"నువ్వే విరిచావని ఊరంతా చెప్తాలే."

మేస్త్రీ నవ్వలేదు. తుపాకీ ఉంచి వెళ్ళమన్నాడు, అంతే. ఆమె వెళ్ళిపోయాక దాన్ని గుడ్డలో చుట్టి పైఅరలో పెట్టాడు. జూన్ అంతా అది అక్కడే ఉంది. నేను రొట్టె పెట్టినప్పుడల్లా పైకి చూసేవాణ్ణి. నేను చూడటం ఆయన చూసేవాడు. ఒకరోజు ఆయనే మొదలుపెట్టాడు.

"పగుల్తుందని భయం ఉంది. చేతులు వణుకుతున్నాయి, ఇంకో కొయ్య చెక్కలేను. కానీ వంచేది చెయ్యి కాదు, వేడి. అది నాకొచ్చు. అసలు సంగతి అది కాదు."

అసలు సంగతి చెప్పడానికి ఆయనకి ఇంకో కప్పు కాఫీ పట్టింది.

ఒర్నెల్లా చిన్నప్పుడు తండ్రి ఆమెను మట్టి బిళ్ళల మైదానానికి తీసుకెళ్ళేవాడు. ఆ పిల్ల ఎడమచేత్తో తినేది, ఎడమచేత్తో రాసేది. తుపాకీ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఫౌస్తీనో కుడి భుజానికే పెట్టించేవాడు. ఫ్యాక్టరీకి వచ్చినవాళ్ళు ఎంతమందికి గురిచూసే కన్ను ఏదో పరీక్ష చేశాడో లెక్కలేదు. సొంత కూతురికి చెయ్యాలని తోచలేదు. ఆమె కాల్చేది, తప్పేది. "తలెత్తకు! చెంప ఆనించు!" అని వెనకనుంచి తండ్రి కేకలు. ఒక ఆదివారం భోజనం దగ్గర జాచింతో పిల్లని ఎదురుగా నిలబెట్టి, రెండు అరచేతుల మధ్య చిన్న కంత చేసి అందులోంచి తన ముక్కు చూడమన్నాడు. కంతలో ఆయనకి కనబడింది ఆ పిల్ల ఎడమ కన్ను.

"అన్నయ్యా, దీనికి గురి దగ్గర ఎడమ కంటిదే పెత్తనం. కుడిపక్క పెట్టించి నువ్వెంత అరిచినా అది బిళ్ళని చూడదు, గొట్టం పక్కని చూస్తుంది, అన్నాను. అనాల్సిందే అన్నాను. కానీ ఎట్లా అన్నాను? టేబుల్ చుట్టూ అందరూ ఉండగా, మీ ఫ్యాక్టరీవాళ్ళకి మనుషులందరూ ఒకే అచ్చు అని కలిపి అన్నాను. మా అన్న ఫోర్కు కింద పెట్టాడు. 'నా తుపాకీ మీదగానీ నా కూతురి మీదగానీ నీ చెయ్యి పడిందంటే మర్యాదగా ఉండదు,' అన్నాడు. ఆ చలికాలమంతా మాటల్లేవు. వసంతానికి మాటలొచ్చాయి. పిల్ల మాత్రం తుపాకీ ముట్టుకోవడం మానేసింది. ఆ తర్వాత మేం కంపెనీల గురించి పోట్లాడుకున్నాం, రాజకీయాల గురించి పోట్లాడుకున్నాం, దీని గురించి మళ్ళీ ఎత్తలేదు."

చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"ఇప్పుడా పిల్ల వచ్చి, ఒకేసారి రెండింటి మీదా చెయ్యి వెయ్యమంటోంది. వద్దన్నవాడు లేడు. ఇంకోమాట అడుగుదామంటే లేడు."

నేను లేచి ఖాళీ కప్పులు కడిగి పెట్టాను.

జూలై మొదటి ఆదివారం ఒర్నెల్లా ఫోన్ చేసి, బాబాయిని మైదానానికి తీసుకురమ్మని నన్నడిగింది. వచ్చేటప్పుడు పైఅరలో ఉన్నది కూడా తెమ్మంది. మేస్త్రీ రాననలేదు. తుపాకీ సంచీని ఒళ్ళో పెట్టుకుని నా వ్యాన్‌లో రొట్టెల వాసన మధ్య కూర్చున్నాడు. మైదానం నడిపే సంతీనా గేటు దగ్గరే కనిపెట్టింది.

"ఓహో, మేస్త్రీ! బతికే ఉన్నారా? చూసి ఎన్నాళ్ళయింది! టోపీ పెట్టుకున్న దెయ్యం అనుకున్నా."

"నీ కాఫీ తాగి బతికినవాళ్ళం. అంత తొందరగా పోం."

"ఈయన్ని జాగ్రత్తగా చూసుకో ఎలియో, కాఫీ డబ్బులు ఎగ్గొట్టి పోయేలా ఉన్నాడు," అని నాతో అంటూనే ఆయనకి నీడలో కుర్చీ వేసింది.

ఒర్నెల్లా ముందు క్లబ్బువాళ్ళ తుపాకీతో కాల్చింది. టర్కీది, ఎడమచేతివాళ్ళ కోసమే చేసింది. ఏప్రిల్ నుంచీ దాంతోనే సాధన చేస్తోందట. నోరెత్తి ఒక్క కేక వేసేది, గుంటలోంచి నారింజ రంగు బిళ్ళ లేచేది, గాల్లోనే పొడిపొడి అయ్యేది. తొందర లేదు, తడబాటు లేదు. మేస్త్రీ బిళ్ళల వైపు చూడలేదు. ఆమె పాదాల్నీ, మెడనీ చూశాడు.

"ఇంత బాగా కాలుస్తుందా ఈ పిల్ల," అన్నాడు, నాతో కాదు.

అప్పుడామె దగ్గరికొచ్చి తండ్రి తుపాకీ ఇమ్మంది. ఆయన గుడ్డ విప్పి ఇచ్చాడు.

ఆమె దాన్ని ఎడమ భుజానికెత్తింది. కుడికి వంగిన కొయ్య నేరుగా ఆమె చెంపలోకి పొడుచుకొచ్చింది. పొడుగు కూడా ఎక్కువే. చెయ్యి చాచి, మెడ వంచి, ఎట్లాగో కన్ను గొట్టం మీదికి తెచ్చుకుని కేకేసింది. బిళ్ళ చెక్కుచెదరకుండా పోయి గడ్డిలో పడింది. మళ్ళీ కేకేసింది. మళ్ళీ కుడిపక్కనుంచే పోయింది దెబ్బ. పేలినప్పుడల్లా కొయ్య ఆమె చెంప ఎముకని గుద్దుతోంది. మాకు తెలుస్తూనే ఉంది. ఆ దెబ్బకి ఎవరైనా తల కొద్దిగా ఎత్తేస్తారు, తెలియకుండానే ఎత్తేస్తారు. ఆమె ఎత్తలేదు. ఇంకా గట్టిగా అదిమింది.

"చాలు ఒర్నెల్లా," అని సంతీనా లోపల్నుంచి అరిచింది. "బిళ్ళలు నాకేం ఊరికే రావటం లేదు, నీ మొహమూ ఊరికే రాలేదు!"

తెచ్చుకున్న తూటాలు అయిపోయేదాకా ఒర్నెల్లా ఆగలేదు. తర్వాత తుపాకీ మడిచి, చేతి మీద వేసుకుని వచ్చింది. ఎడమ చెంప మీద ఎర్రగా గీత తేలి, అంచున వాచడం మొదలైంది. ఒక్క బిళ్ళ కూడా పగల్లేదు. అయినా ఆమె మొహంలో ఏదో పని పూర్తిచేసినట్టుంది.

"తలెత్తలేదు చూశావా బాబాయ్? నాన్న ఎప్పుడూ అదే అనేవాడుగా. నువ్వు వంచకపోయినా ఫర్వాలేదు. నేనే అలవాటు చేసుకుంటా. సెప్టెంబరు దాకా టైముంది."

మేస్త్రీ కుర్చీలోంచి లేచాడు. వేలితో ఆ వాపు పక్కన, ముట్టుకోకుండా, గాల్లోనే గీత గీసినట్టు కొలిచాడు.

"మంచుముక్క పెట్టుకో," అన్నాడు. తుపాకీ ఆమె చేతిలోంచి తీసుకుని గుడ్డ చుట్టాడు.

తిరిగి వస్తూ పెద్ద ఫ్యాక్టరీ గోడ పక్కనుంచి పోతున్నప్పుడు ఉన్నట్టుండి అన్నాడు.

"మనిషికి తగ్గట్టు కొయ్య ఉండాలిరా, కొయ్యకి తగ్గట్టు మనిషి కాదు అని బతుకంతా చెప్పుకుంటూ తిరిగాను. కంపెనీవాళ్ళతో చెప్పాను, కొనేవాళ్ళతో చెప్పాను, మా అన్నతో చెప్పాను. ఆ పిల్ల చెంప చూశావా? నా కొయ్యకి తగ్గట్టు వాచింది."

నేను వ్యాన్ నెమ్మది చేశాను.

"మా అన్న చూసుంటే ఊరుకునేవాడనుకున్నావా?" అన్నాడు. "కేకలు వేసేవాడే. కానీ పిల్ల మొహం వాస్తే తట్టుకునేవాడు కాదు. దానికి జ్వరమొస్తే ఫ్యాక్టరీకి సెలవు పెట్టేవాడు. చెయ్యి వెయ్యొద్దన్న ఆ మాట ఆయన కోపంలో అన్నాడు. నేను దాన్ని వీలునామాలాగా దాచుకున్నాను."

మర్నాడు పొద్దున్నే రొట్టె పట్టుకుని వెళ్ళేసరికి బల్ల మీద ఎప్పుడూ ఉండే చెత్తంతా లేదు. ఒక పక్క చిన్న స్టవ్వు, దాని మీద ఇత్తడి గిన్నెలో అవిసె నూనె. పాత దుప్పటి చింపి చుట్టిన గుడ్డపీలికలు. పొడవాటి ఇనుప బిగింపు ఒకటి, దాని మరలకి కొత్తగా గ్రీజు రాసి ఉంది. తుపాకీ రెండుగా విడదీసి ఉంది. ఇనుము అంతా గుడ్డలో చుట్టి కిటికీ దగ్గర భద్రంగా పెట్టాడు. కొయ్య ఒక్కటే బల్ల మధ్యలో ఉంది. ఇనుము లేకుండా ఆ కొయ్యని నేనెప్పుడూ చూడలేదు. చాలా చిన్నదిగా కనిపించింది.

స్టవ్వు ఇంకా వెలిగించలేదు.

"ఒకేసారి ఎడమకి లాగితే చస్తుంది," అన్నాడు, నేను అడక్కుండానే. "ముందు ఈ మెడ చుట్టూ గుడ్డ చుట్టి, కాగిన నూనె పోస్తూ పోస్తూ ఉండాలి. లోపలిదాకా వేడెక్కాక నిటారు దాకా తెచ్చి బిగించి వదిలెయ్యాలి. కొన్నాళ్ళు ఊరుకోవాలి. దానికి కొత్త చోటు అలవాటవ్వాలి. అప్పుడు మళ్ళీ వేడి, మళ్ళీ ఇంకొంచెం. చప్పుడు వినాలి. చెక్క పగిలే ముందు చిన్నగా మూలుగుతుంది. అది వింటే ఆగిపోవాలి."

"వినకపోతే, మేస్త్రీ?"

"వినకపోతే పగుల్తుంది. పగిలితే జిగురు పెట్టి, అడ్డంగా మేకు దించి, అతికించి ఇస్తా. అతుకు కనపడుతుంది. కనపడనీ. దాంతోనే కాలుస్తుంది."

కొయ్య తిప్పి వెనక, భుజానికి ఆనే మడమ వైపు చూపించాడు. అక్కడ పెన్సిల్‌తో ఒక గీత పెట్టి, మళ్ళీ చెరిపేసి ఉంది.

"వంచడం ఒకలా తప్పితే ఇంకోలా సరిచేసుకోవచ్చు. ఇది అట్లా కాదు. మా అన్న పొడగరి, ఒర్నెల్లా కాదు. ఇక్కడ కొంత కోసెయ్యాలి. కోసింది మళ్ళీ అతకదు. నిన్న అది పల్చటి చొక్కాతో వచ్చింది. ఆ కొలతకి కోస్తే చలికాలంలో భుజం దగ్గర ఇరుక్కుంటుంది. తొందరపడి తప్పుడు గీత పెట్టాను."

రంపం తీసి గుడ్డతో తుడిచాడు. కొయ్య పక్కనే పెట్టాడు.

"ఇంకా ఏం కూర్చున్నావు? లే. ఈ వీధి తర్వాత చూసుకుందువు గాని. ముందు ఒర్నెల్లా ఇంటికి పో. బయటికి వెళ్ళకముందే పట్టుకో. కోటు తీసుకుని రమ్మను."

"ఈ ఎండలో కోటా, మేస్త్రీ?"

"కొండమీదికి అది చలిలో పోతుందా, ఈ ఎండలో పోతుందా? నవంబర్లో వేసుకునే కోటు, లోపల స్వెటరుతో సహా. చెమట పడుతుంది, తిడుతుంది, తిట్టనీ. ఆ కోటు వేసుకుని నా ముందు నిలబడి కళ్ళు మూసుకుంటేగానీ ఈ రంపం ముట్టుకోనని చెప్పు. పో."